ఆదివారం పొద్దున పునఃప్రసారం

మా ఇంటాయన మోటార్లు చుడతాడు. బోర్లలో కాలిపోయిన మోటార్లను విప్పి, లోపలి పాత రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి మళ్ళీ బిగించే పని. రాప్తాడులో హైవే పక్కన రేకుల షెడ్డు మాది. భూమిలో నీళ్ళు అడుక్కి పోయేకొద్దీ మోటార్లు ఎక్కువ కాలుతాయి కాబట్టి ఎండాకాలం మా షెడ్డు ముందర ట్రాక్టర్లు నిలబడి ఉంటాయి. "ఊరు ఎండితే నా కడుపు నిండుతాది, ఇదేం పనో" అని తనే అంటాడు, నవ్వుతూ.

ఈ పనికి రాకముందు మేము కంబదూరు దగ్గర పల్లెలో చెనిక్కాయ, అదే వేరుశనగ, పెట్టేవాళ్ళం. వాన మీద సేద్యం. కాయ ఊరే టయానికి వాన మొగం చాటేసేది. ఒక ఏడు పోతే ఓర్చుకున్నాం. వరసగా పోతే ఓర్చుకోలేక ఆయన తాగుడు పట్టినాడు. ఆ రోజుల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఎందుకు రాయనో చెప్పడానికే ఇదంతా.

రాప్తాడుకు వచ్చి షెడ్డు పెట్టిన కొత్తలో కూడా, పొద్దు గుంకితే కాళ్ళు వైన్‌షాపు దిక్కు లాగేవంట ఆయనకి. సరిగ్గా ఆ టయానికే అనంతపురం నుంచి ఒక చిన్న రేడియో వచ్చేది. ఎవరో ట్రస్టు వాళ్ళు నడిపేది, మా చుట్టుపక్కల ఊళ్ళ వరకే వినిపిస్తాది. సాయంత్రం గంటసేపు పాటలుండవు, మాటలే. కరెంటు ఎన్ని గంటలిస్తాండారు, ఇంగ్లీషు మీడియం మంచిదా కాదా, జాతర్లలో డీజేలు ఎందుకు, ఇట్లాంటివి. శనివారం మాత్రం పెద్ద చర్చ. స్టూడియోలో చదువుకున్న పెద్దమనిషి ఒకాయన కూర్చుంటాడు, యాంకరమ్మాయి ప్రశ్నలడుగుతాది, జనాలు ఫోన్లు చేస్తారు. ఎవరన్నా పార్టీ పేరు ఎత్తబోతే ఆ పిల్ల గబగబా అడ్డం పడి "పేర్లొద్దన్నా, పేర్లొద్దు" అంటాది. వాళ్ళు పేరు మింగేసి గుర్తు చెప్పేస్తారు. మా ఆయన ఆ మాటకు పకపకా నవ్వేవాడు.

తీగ చుడుతూ వినేవాడు. "ఆ గంట నన్ను స్టూలు మీద కూర్చోబెడితే చాలు, తర్వాత నా కాళ్ళు వాటంతట అవే ఇంటికొస్తాయి" అనేవాడు. అట్లా అట్లా మానేసినాడు. డాక్టరు దగ్గరికి పోయిందీ లేదు, మాల వేసిందీ లేదు.

ఇంటికొచ్చేటప్పటికి నోట్లో ఒక విషయం ఉండేది. చెప్పులు విడవకముందే మొదలుపెట్టేవాడు. "ఆడోళ్ళకి బస్సులో టికెట్టు లేకపోతే మగోళ్ళకి సీట్లు దొరకవంట, ఎవరో ఫోన్లో ఏడుస్తాండాడు" అంటే, నేను రొట్టె తిరగేస్తూ "ఇన్నేండ్లు మేము నిలబడలేదా, నాలుగు రోజులు మీరు నిలబడండి" అనేదాన్ని. మా కూతురు రోజూ అనంతపురం పోయొచ్చి డిగ్రీ చదువుతాది. పుస్తకంలోంచి తలెత్తి "మీ ఇద్దర్నీ తీసుకపోయి ఆ స్టూడియోలో కూర్చోబెట్టాల" అనేది. కొట్లాట లేకుండా మాట్లాడుకోవచ్చని మా ఇంట్లో అప్పుడే తెలిసింది.

అట్లాంటి రేడియో వాళ్ళు ఒక రోజు మా వీధి నీళ్ళ ప్లాంటు కాడికి వచ్చినారు. క్యాన్లు పెట్టుకొని మేం ఆడోళ్ళం నిలబడినాం. వచ్చింది ఆ యాంకరమ్మాయే. గొంతు విని గుర్తుపట్టినాను. చిన్న పిల్ల, జీన్స్ ప్యాంటు, చేతిలో నల్ల స్పాంజి తొడిగిన మైకు. ఈ శనివారం చర్చ కరువు, కుటుంబం అంట. కరువు ఇంట్లోకి ఎట్లా వస్తాదో ఆడోళ్ళ నోట వినాలంట. మిగతావాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక్కి జరిగినారు. నేను జరగలేదు.

ఆ పిల్ల వినే తీరు అట్లాంటిది. నేను మాట్లాడుతుంటే కళ్ళు నా మీదినుంచి తీయలేదు. "ఊ అక్కా, తర్వాత?" అంటాది. నా క్యాను నిండి పొర్లిపోతాంటే తనే వంగి కొళాయి కట్టేసింది. నా జన్మలో అంతసేపు నన్ను ఎవరూ వినలేదు. సేద్యం పోయిన సంగతి చెప్పినాను. ఊరు విడిచిన సంగతి చెప్పినాను. ఆయన తాగుడు చెప్పినాను. మానేసిన సంగతీ చెప్పినాను. చుక్క ముట్టక ఏడాది దాటిందని, మీ రేడియో వినే మానేసినాడని కూడా చెప్పినాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకొని "శనివారం తప్పకుండా వినండక్కా" అనింది.

నేను ఊరుకున్నానా? పక్కింటి అక్కకు చెప్పినాను. ధర్మవరంలో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేసి, నీకు అందదు గానీ మా పిల్ల రికార్డు చేసి పంపుతాది అని చెప్పినాను. ఆయనకైతే సరేసరి. "నా గొంతొస్తాది, విను" అన్నాను. ఏం చెప్పినావని ఆయన అడగలేదు. శనివారం సాయంత్రం షెడ్డులో మోటార్ల కోసం వచ్చిన రైతుల్ని కూడా "ఉండండప్పా, మా ఇంటామె మాట్లాడతాది, వినిపోండి" అని ఆపి, రేడియో సౌండు పెంచి పెట్టినాడంట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది.

ఇంట్లో నేను, మా కూతురు, పక్కింటి అక్క మంచం మీద కూర్చొని ఫోన్లో పెట్టుకున్నాం. మొదట పెద్దమనిషి మాటలు. తర్వాత యాంకరమ్మాయి "రాప్తాడు దగ్గర ఒక సోదరి మాతో పంచుకున్న మాటలు వినండి" అనింది. అంతలో నా గొంతు. నాది కానట్టు, సన్నగా, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉన్నింది.

"చెనిక్కాయ పోయినంక మా ఆయన తాగుడు పట్టినాడమ్మా. తాగి వస్తే అన్నం పళ్ళెం ఇసిరేసేటోడు. మా పాప మంచం కింద దూరేది. ఏం చెప్పుకోవాల, ఎవరికి చెప్పుకోవాల..."

అంతే. ఒక వేణువు లాంటి మ్యూజిక్కు వేసినారు.

ఇంకా వస్తాదేమో అని చూసినాను. రాలేదు. పెద్దమనిషి గొంతు సవరించుకొని "చూశారా, ఇది సీమ స్త్రీ కన్నీటి గాథ" అన్నాడు. అక్కడినుంచి చర్చంతా మా ఆయన మీదనే జరిగింది. ఫోన్లు వచ్చినాయి. ఒకామె ఆ సోదరి పుట్టింటికి పోవాలనింది. ఒకాయన అట్లాంటోణ్ణి స్తంభానికి కట్టేయాలన్నాడు. ఇంకొకాయన తాగుబోతులకు రేషను కార్డు తీసేయాలన్నాడు. యాంకరమ్మాయి అందరికీ "మంచి సూచన అన్నా, ధన్యవాదాలు" చెప్పింది. ఊరూ పేరూ తెలియని జనాలు నా మొగుడికి శిక్షలు వేస్తాంటే పక్కింటి అక్క నా వీపు నిమురుతూ కూర్చునింది.

మా కూతురు ఫోను చూస్తూనే అడిగింది. "అమ్మా, నాయన ఇప్పుడట్లా లేడు కదా. ఆ మాట చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా తల్లీ. కోసేసినారు."

"నేను మంచం కింద దూరేదాన్ని అని కూడా చెప్పినావు." అని లేచి లోపలికి పోయింది.

ఆయన వచ్చినాడు. చెప్పులు విడిచినాడు. నోట్లో ఏ విషయమూ లేదు. చేతులు కడుక్కున్నాడు, రాగి మసి పోవాలని చాలాసేపు రుద్దుకున్నాడు. అన్నం తిన్నాడు. నేను "మొత్తం వెయ్యలేదు" అన్నాను. "తెలుస్తాంది లే" అన్నాడు. షెడ్డులో రేడియో కట్టేయలేదా అంటే, "ఎట్లా కట్టేస్తా? నేనే కదా అందర్నీ ఆపి కూర్చోబెట్టింది. గంటా విన్నాం" అన్నాడు. తర్వాత పడుకోబోతూ గోడ దిక్కు తిరిగి ఒక్క మాట అన్నాడు.

"రేపు పొద్దున మళ్ళీ వేస్తారు."

శనివారం చర్చను ఆదివారం పొద్దున ఇంకోసారి వేస్తారు. పునఃప్రసారం. అది నాకు గుర్తే లేదు.

తెల్లారగానే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి అనంతపురం పోయినాను. రేడియో కేంద్రం అంటే ఏందో అనుకున్నాను. రెండంతస్తుల ఇల్లు, మేడ మీద గదులు, పైన ఇనుప స్తంభం. మెట్ల కాడ చెప్పుల స్టాండు. లోపల డ్యూటీలో ఉన్నాయన టీ తాగుతా కంప్యూటర్ ముందర కూర్చున్నాడు. యాంకరమ్మాయికి ఆదివారం సెలవంట.

"సార్, నిన్న చర్చలో ఒకామె మాట్లాడింది కదా. ఆ ముక్క ఈ పొద్దు తీసేయండి సార్."

ఆయన నా గొంతు విని కుర్చీలోంచి లేచినాడు. "మీరేనామ్మా? ఎంత బాగా మాట్లాడినారమ్మా! ఎంత సహజంగా! నిన్న ఎన్ని ఫోన్లొచ్చినాయో తెలుసా? కూర్చోండి, కూర్చోండి."

"తీసేయండి సార్. మా ఇంట్లో..."

"కంప్యూటర్లో పెట్టేసిపోయినారమ్మా. దానంతట అదే మొదలవుతాది, నేను మార్చకూడదు. స్టేషను చూసుకునే మేడమ్‌ను అడగాల. మేడమ్ ఫోనెత్తడం లేదు." నిజంగానే రెండు మూడు సార్లు చేసి చూసినాడు. మంచి మనిషే. నాకు కూడా టీ తెప్పించినాడు.

ఆ టీ గ్లాసు చేతిలో ఉండగానే వరండాలో గోడకున్న స్పీకర్లో చర్చ మొదలయింది. మెట్లు ఊడుస్తాండే ఒకామె చీపురు పక్కనపెట్టి స్పీకరు కింద నిలబడింది. నా గొంతొచ్చింది. రెండోసారి వింటాంటే మొదటిసారి వినపడనిది వినపడింది.

"ఇసిరేసేటోడు" అన్నాను నేను.

పళ్ళెం ఇసిరేసింది ఒక్కసారి. చేను ఎండిపోయిన ఏడు, ఒక్కటంటే ఒక్కసారి. ఇసిరేసి, తనే మెతుకులు ఏరినాడు. దాన్ని నేను "ఇసిరేసినాడు" అనాల. ఆ పిల్ల నన్ను అంత ఇదిగా వింటాంటే, ఇంకా వినాలని, నాకు తెలియకుండానే నోట్లోంచి "ఇసిరేసేటోడు" అని వచ్చేసింది. ఒక్క మాట చివర మారితే రోజూ జరిగినట్టే. రేడియో వాళ్ళు కోసేసినారని రాత్రంతా వాళ్ళను తిట్టుకున్నాను. ఈ మాటను వాళ్ళు కోయలేదు, అతికించలేదు. అది నాదే.

ఊడ్చే ఆమె కళ్ళు తుడుచుకొని నా దిక్కు తిరిగింది. నేనే ఆ మనిషినని డ్యూటీ ఆయన మాటలు విని తెలుసుకున్నట్టుంది. దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకొని "ఏం చేస్తామమ్మా, మన రాతలంతే" అనింది. మానేసినాడని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. చెప్తే నమ్మదని కాదు. ఆ జాలి ముందర అది మొగుణ్ణి వెనకేసుకొచ్చే మాట మాదిరి వినిపిస్తాదని. టీ గ్లాసు మెట్టు మీద పెట్టి వచ్చేసినాను.

సోమవారం ఆ పిల్లే ఫోన్ చేసింది. ఏడుపు గొంతు. "అక్కా, టైం సరిపోక ఎడిట్ చేసినాం. నేను అంత దూరం ఆలోచించలేదక్కా. వచ్చే శనివారం లైవ్‌లో మిమ్మల్నే కలుపుతాం. మిగతాదంతా చెప్పండి." నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. పరుగున షెడ్డుకు పోయి ఆయనతో చెప్పినాను.

ఆయన తీగ చుట్ట చేతిలోంచి దింపలేదు. "వద్దు."

"ఎందుకొద్దు? నిజం చెప్తా కదా."

"ఇంతవరకూ వినినోళ్ళు కొందరే. నువ్వు మళ్ళీ పోయి మానేసినాడు అంటే, ఎవరు, ఏంది అని విననోళ్ళు కూడా అడుగుతారు. మానేసినానని రేడియోలో సర్టిఫికెట్టు ఇప్పిస్తావా నాకు?"

ఆ పిల్లకు వద్దని చెప్పేసినాను. ఆ వారం షెడ్డులో రేడియో మోగలేదు. మోటారు తెచ్చిన రైతులు కొందరు ఊరుకోలేదు. ఒకాయన "ఏమప్పా, ఈ చుట్లు కళ్ళకు సరిగ్గానే కనపడతాండాయా?" అన్నాడంట. నవ్వులాటకే. మా ఆయనా నవ్వినాడంట. ఇవన్నీ నాకు చెప్పింది షెడ్డు పక్కన పంక్చర్లు వేసే అన్న. మా ఆయన మాత్రం ఇంట్లో ఏదీ చెప్పలేదు. చెప్పులు విడిచేవాడు, తినేవాడు, ఫోన్లో ఏవో రీల్సు చూసేవాడు. రొట్టెల పొయ్యి కాడ నేనొక్కదాన్నే.

శనివారం వచ్చింది. చర్చ టయం దాటింది. ఆయన రాలేదు. ఫోనెత్తలేదు. షెడ్డు కాడికి పోతే షట్టరు దించి ఉంది. పంక్చర్ల అన్న కూడా లేడు.

నేను ఏం చేసినానో చెప్పుకోవడానికి ఇప్పుడు కూడా తల వంగుతాది. సర్వీసు రోడ్డు పట్టుకొని వైన్‌షాపు దిక్కు నడిచినాను. దానికి ఎదురుగా మూసిన ఎరువుల అంగడి ఉంది. దాని గోడ వారగా కొంగు నెత్తిన కప్పుకొని నిలబడినాను. వచ్చేవాళ్ళ మొగాలు, పోయేవాళ్ళ మొగాలు, వెనక రేకుల కింద కూర్చున్నవాళ్ళ వీపులు చూసినాను. పొద్దున ఆయన వేసుకపోయిన మాదిరి నీలం చొక్కా కనపడితే ముందుకు వంగి చూసేదాన్ని. ఆయన లేడు. ఎంతసేపు చూసినానో. ఒకడు నన్ను చూసి "ఎవరి కోసరమమ్మా?" అన్నాడు. గబగబా వెనక్కి తిరిగినాను.

కొంచెం దూరం వచ్చినానో లేదో ఎదురుగా ఆయన బండి. పానాల సంచి ముందర తగిలించుకొని, మోచేతుల దాకా గ్రీజు, ప్యాంటుకు ఎర్ర బురద. ఎవరి చేన్లోనో మోటారు బోర్లోకి దింపొస్తాండాడు. చేన్లో సిగ్నలు లేదు. నన్ను చూసి బండి ఆపినాడు.

"యాడికి పోయింటివి?"

"కూరగాయలకు."

ఆయన నా చేతుల దిక్కు చూసినాడు. సంచి కూడా లేదు. నా వెనక రోడ్డు దిక్కు చూసినాడు. ఆ దిక్కున ఆడమనిషి పోవాల్సిన అంగడి ఒక్కటీ లేదు. ఆయన మొగంలో కోపం వస్తే బాగుండు అనుకున్నాను. రాలేదు. చిన్నపిల్లోణ్ణి అందరి ముందర కొడితే మొగం ఎట్లా అయిపోతాదో అట్లా అయిపోయింది.

"ఎక్కు" అన్నాడు.

ఇంటి ముందర బండి స్టాండేసి, దిగకుండానే అన్నాడు. "రేడియోలో మాటలు నమ్మినోళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు నేనెవరో తెలియదు. నువ్వు నాతో ఒకే ఇంట్లో ఉండావు."

నేను అక్కడే గడప మీద కూలబడినాను. రేడియోలో నన్ను విన్నప్పుడు సిగ్గనిపించింది. ఇది సిగ్గు కాదు, ఇంకేదో. దానికి మా పక్క ఒక మాట ఉండాదో లేదో నాకు తెలియదు. క్షమించమని ఆయనను అడగలేదు. అడిగితే ఆయన "ఏం కాదులే" అనాల్సి వస్తాది. ఆ మాట కూడా ఆయన చేతే చెప్పించుకోవడం ఎందుకనిపించింది. ఆ పూట మా కూతురే రొట్టెలు చేసింది, మాడగొట్టింది, ముగ్గురం తిన్నాం.

తర్వాత ఏదో ఒక రోజు మారిపోయిందని చెప్పలేను. షెడ్డులో రేడియో ఎప్పుడు మళ్ళీ మోగిందో కూడా నాకు తెలియదు. ముంగారు వానలు, అదే తొలకరివి, రెండు పడినంక పనులు తగ్గినాయి. ఒక శనివారం నేను బియ్యం ఏరుకుంటా ఫోన్లో చర్చ పెట్టుకున్నాను. సినిమాల్లో మన సీమ మాటల గురించి. పెద్దమనిషి మాండలికం, యాస అని ఏదేదో చెప్తాండాడు. యాంకరమ్మాయి "మరో శ్రోత లైన్లో ఉన్నారు, చెప్పండి" అనింది. మొదట కీమని చప్పుడు. "అన్నా, మీ రేడియో సౌండు తగ్గించండి." ఆ తర్వాత దగ్గు.

ఆ దగ్గు నాకు తెలుసు.

"ఏం లేదమ్మా. సినిమాలో కత్తి పట్టుకున్నోని నోట్లోనే మా మాట పెడతాండారు. సుమోలో పోయేటోని నోట్లో పెడతాండారు. మేము ఈడ పాలు పోయించుకునేటప్పుడు, పిల్లోళ్ళను బడికి పంపేటప్పుడు, ఈ మాటే మాట్లాడతాం కదమ్మా. అది ఎవుడూ తీయడు."

పెద్దమనిషి నవ్వినాడు. "నిజమేనయ్యా. మీరేం చేస్తుంటారు?"

"మోటార్లు చుడతా సార్."

"అయితే మోటార్లు చుట్టే హీరోను పెట్టి సినిమా తీయాలంటారు."

"హీరో వద్దు సార్. పక్కన యాడో ఒక షాపులో కూర్చొని ఉంటే చాలు. కొట్టించకుండా ఉంటే ఇంగా మంచిది."

స్టూడియోలో అందరూ నవ్వినారు. నా చేతిలోని చేటలో బియ్యం అట్లే ఉండిపోయినాయి. ఎంత బాగా చెప్పినాడు! నవ్వొచ్చింది. తన గొంతుతో, తన మాటతో, తన పనితో ఆ రేడియోలోకి పోయినాడు. నేను అంతకుముందు ఆయన్ని ఎట్లా తీసుకపోయినానో గుర్తొచ్చి ఫోను బోర్లా పెట్టేసినాను. కానీ కట్టేయలేదు.

ఆయన ఇంటికొచ్చి ఫోన్ చేసిన సంగతి చెప్పలేదు. నేనూ విన్నానని చెప్పలేదు. చెప్పులు విడుస్తా "సినిమావాళ్ళ మీద చర్చ పెట్టినారు ఈ పొద్దు" అని మాత్రం అన్నాడు. "ఏమన్నారు?" అని అడిగినాను, ఏమీ తెలియనట్టు. ఆయన అన్నం తింటా అంతా చెప్పినాడు, తన మాటలు కూడా, ఎవరో ఫోన్ చేసినాయన అన్నట్టు చెప్పినాడు. "ఎవరో గానీ బాగా చెప్పినాడు" అన్నాను. ఆయన మొగం పళ్ళెంలో పెట్టుకొని తిన్నాడు.

ఇప్పటికీ సంతలో ఎవరన్నా నన్ను చూసి "రేడియోలో మాట్లాడింది నువ్వే కదమ్మా" అంటారు. వాళ్ళ కళ్ళల్లో జాలి వస్తాది. "మానేసినాడక్కా, ఎప్పుడో మానేసినాడు" అంటాను. వాళ్ళు "అట్లనా, మంచిదమ్మా" అని తల ఊపుతారు. నమ్మినట్టు ఉండదు. ఒక్కొక్కరిని ఆపి మొదటినుంచి చెప్పాలనిపిస్తాది. టమోటాలు తూకం వేయించుకొని వచ్చేస్తాను.